ఎడమ పక్క గీత

కాకినాడ మెయిన్ రోడ్డులో కంప్యూటర్ల కొట్టాయనకి నేనంటే హడల్. సాయంత్రం అయ్యేసరికి వెళ్ళి, ఆయన వరసగా పేర్చిన వంపు మానిటర్ల ముందు ఒక్కోదాని దగ్గరా కూర్చుంటాను. కుర్చీ ముందుకి జరుపుతాను, వెనక్కి జరుపుతాను, చివరికి "రేపొస్తానండీ" అని లేచిపోతాను. ఒకరోజు ఆయన ఉండబట్టలేక అడిగేశాడు.

"అమ్మాయ్, పెళ్ళిచూపులక్కూడా ఇన్నిసార్లు రారు. ఇంతకీ నీకేం కావాలి?"

నేను ఆడేది కార్ల పందెం ఆట. స్టీరింగూ పెడల్సూ బల్లకి బిగించుకుని ఇంట్లోనే కూర్చుని ఆడతాను. దేశం మొత్తం మీద బాగా ఆడేవాళ్ళని ఏరి జట్టు కట్టే పోటీ ఆ చలికాలంలో ఉంది. నా పాత మానిటరేమో బల్లపరుపుది. పక్కనుంచి దూసుకొచ్చే కారు దాని అంచు దగ్గర సాగిపోయి కనపడుతుంది. అది కారని నేను పోల్చుకునేలోపు నన్ను దాటేసి పోతుంది. వంపు తెర అయితే అంచులు కూడా కంటికి నడిమి భాగమంత దగ్గరగా ఉంటాయి.

"అయితే వెయ్యి తీసుకో" అన్నాడాయన. మీటరు తాడు పట్టుకుని నేలమీద పెద్ద సున్నా గీస్తే, అందులో ఒక ముక్క వెయ్యి అంకె వంపుట. అంకె పెరిగేకొద్దీ సున్నా పెద్దదై వంపు తగ్గుతుంది. వెయ్యిది నాకు డ్రమ్ములో తల పెట్టినట్టుంది. పద్దెనిమిది వందలది గోడలా ఉంది. పదిహేను వందలది ఇంచుమించు బాగుంది, ఆ ఇంచుమించు దగ్గరే నాకు పేచీ.

"ఆడలేక మద్దెల ఓడందిట నీలాంటిదే" అంది అమ్మ ఇంటికొచ్చాక.

మా అమ్మ పేరు మాణిక్యం. స్కూలు వ్యాన్ నడుపుతుంది. నా చిన్నప్పుడు నాన్న పోతే, ఆయన వ్యాన్ అమ్మెయ్యమని అందరూ చెప్పినా వినకుండా డ్రైవింగ్ నేర్చుకుని, ఆ బండి మీదే నన్ను పెంచింది. నాకు స్టీరింగ్ పిచ్చి అంటించి, లైసెన్సు తెప్పించింది కూడా ఆవిడే. జగన్నాథపురం వంతెన మీద ఎదురుగా బస్సు వస్తున్నా చెయ్యి వణకని మనిషి.

అలాంటి మనిషి ఆ మధ్య వ్యాన్‌ని వరసగా గీకుతోంది. అన్నీ ఎడమ పక్కే. మొదట స్కూలు గేటు స్తంభం, తర్వాత ఎవరిదో ప్రహరీ, మళ్ళీ అదే స్తంభం. "ఆ స్తంభం ముందుకి జరిగిందే" అని ఒకసారి, "సిమెంటు కొత్తగా పూసి లావు చేశారు" అని ఇంకోసారి చెప్పింది. పిల్లలు దిగేది ఎడమ తలుపు నుంచే. అందుకని ప్రిన్సిపాల్ గారు పిలిచి, ఇంకొక్క గీత కనపడితే వేరే బండి మాట్లాడుకుంటామని మర్యాదగానే చెప్పేశారు. ఇంటికొచ్చి అమ్మ నాతో ఆ మాట చెప్పినప్పుడు, నేను ఊరుకోవచ్చుగా! "ఆడలేక మద్దెల ఓడందిట" అని ఆవిడ మాట ఆవిడకే అప్పజెప్పాను. అమ్మ ఎప్పుడూ నాకంటే పెద్ద సామెత విసురుతుంది. ఆరోజు విసరలేదు. వెళ్ళి వ్యాన్ తుడుచుకుంది.

ఆ వారంలోనే విశాఖపట్నం నుంచి నాకు మెయిలొచ్చింది. అక్కడొక లాబ్‌లో 'ఒదుగు' అనే తెర తయారుచేశారట. దానికి అంకెలు లేవు. మనం ముందు కూర్చుంటే, తెరమీద ఒక చుక్క అటూ ఇటూ పరిగెడుతుంది. మన కన్ను దాన్ని ఎక్కడ ఠక్కున పట్టుకుంటోందో, ఎక్కడ తడబడుతోందో తెర కనిపెడుతుంది. తడబడిన చోటల్లా తనే వంగి దగ్గరికి వస్తుంది. అలా ఒక్కసారి ఒదిగాక వెనకున్న పొర కాలికి కట్టిన పిండికట్టులా బిగుసుకుపోతుంది. ఇక మళ్ళీ వంగదు. మొదట కూర్చున్న మనిషి కళ్ళకే అది సొంతం. ఆటగాళ్ళు కొందరికి వాడి చూడమని పంపిస్తున్నారు, వాళ్ళలో నేనొకదాన్ని. కొట్టాయనకి ఫోన్ చేసి, నాకు సంబంధం కుదిరిందని చెప్పాను. ఆయన సంతోషం పట్టలేకపోయాడు.

తెర ఆదివారం మధ్యాహ్నం దిగింది. చాపలా చుట్టి పంపారు. విప్పి బల్లమీద నిలబెట్టి తీగలు కలిపాను. మా ఇంట్లో మిక్సీ అయినా పూజ జరగకుండా తిరగదు. అమ్మ పసుపు రాసింది, బొట్టు పెట్టింది, నిమ్మకాయ తెచ్చింది, తీరా చూస్తే కొబ్బరికాయ లేదు.

"నాలుగున్నరకి రాహుకాలం వచ్చేస్తుంది, పరిగెత్తు" అంది.

"నేనొచ్చేదాకా దాన్ని ముట్టుకోకమ్మా. మొదట నేనే కూర్చోవాలి."

"నాకు తెలీదా ఏంటే?"

వీధి చివర కొట్టు మూసి ఉంది. ఆ పక్క వీధిలో దొరికింది. నేను కొబ్బరికాయ పట్టుకుని గుమ్మం ఎక్కేసరికి లోపల్నుంచి పాత మంచం కదిలినట్టు కిర్రుమంటూ చప్పుడు. అమ్మ నా కుర్చీలో బాసింపట్టు వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చుక్కని చూస్తోంది.

"అమ్మా! లే!"

"ఉండవే, మొదలెట్టిన పని మధ్యలో లేవకూడదు. నువ్వేమో రావు, రాహుకాలం వచ్చేస్తోంది. ముహూర్తానికి మొదలైతే చాల్లే, తర్వాత నువ్వు కూర్చుంటావని స్విచ్ నొక్కాను. చుక్కని చూడండి అని అడిగింది, చూస్తున్నాను. అడిగితే చూడొద్దా?"

నేను తీగ పీకేలోపే తెర టక్కుమని బిగుసుకుంది.

దాని ఆకారం చూసి నాకు ఏడుపొచ్చింది. కుడి పక్క చక్కగా, సన్నగా వంగింది. ఎడమ పక్క మాత్రం సగం మూసిన తలుపులా ముందుకి మడుచుకొచ్చి మొహం మీదకి వచ్చేసింది. కూర్చుని ఆడితే ఎడమ గోడ నామీద పడుతున్నట్టే ఉంది. భయపడి కుడికి తిప్పుతాను, అటు గోడని గుద్దుతాను. పోటీ దగ్గరికొచ్చేసింది, చేతికొచ్చిన తెర ఒంకర్లు పోయింది.

అమ్మ ఇంకోసారి కూర్చుని చూసింది. "నాకు బానే ఉందే. అద్దంలా కనపడుతోంది. ఈ మధ్యకాలంలో ఇంత బాగా చూసిన గుర్తే లేదు" అంది.

ఆ మాట నేను పట్టించుకోలేదు. నా కోపంలో నేనున్నాను. సరుకు పాడైంది, వేరేది ఇమ్మని అడగడానికి రెండో శనివారం విశాఖపట్నం బయల్దేరాం. స్కూలు సెలవు కాబట్టి వ్యాన్లోనే. తెరని వెనక సీట్ల మీద దుప్పటిలో చుట్టి పడుకోబెట్టాం. అమ్మ నడుపుతోంది, నేను పక్కన ఎడమ సీట్లో.

అన్నవరం దాటాక నాకు తెలిసింది, అమ్మ తల మాటిమాటికీ ఎడమకి తిప్పుతోందని. కోడి గింజ చూసుకున్నట్టు, చిన్నగా, గబుక్కున. ఇదివరకు ఆ అలవాటు లేదు. తునిలోకి వచ్చేటప్పుడు ఎడమ పక్కనుంచి ఒక మోటార్‌సైకిలు వచ్చింది, వెనక ఒకావిడ పసిపిల్లని ఎత్తుకుని కూర్చుంది. వాళ్ళు నా కిటికీ పక్కనే ఉన్నారు. అమ్మ గుంత తప్పించడానికి ఎడమకి తిప్పేసింది.

"అమ్మా, ఎడమ!"

బ్రేకు పడింది. మోటార్‌సైకిలాయన తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. అమ్మ రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుంది.

"ఎక్కణ్ణుంచి వచ్చాడే?" అంది నెమ్మదిగా.

నా కోపమంతా దిగిపోయింది. దాని బదులు భయం వేసింది. ఎందుకో చెప్పలేను, వెనక దుప్పటిలో ఉన్న ఆ మడత తెర గుర్తొచ్చింది. మిగతా దారంతా నేను ఎడమ పక్క ఏమొస్తోందో చెప్తూనే ఉన్నాను. సైకిలమ్మా, గేదమ్మా, ఆటో అమ్మా. అమ్మ నన్ను ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

లాబ్ కొండవాలు మీద ఉంది. నఫీసా గారని, ఒదుగు తెర రూపొందించింది ఆవిడే. నెరిసిన జుట్టు, కాళ్ళకి హవాయి చెప్పులు. నేను వరసపెట్టి ఫిర్యాదులు చెప్తూంటే, తెర ఆన్ చెయ్యకుండా, వెనక పొర మీద అరచేత్తో ఈ చివర నుంచి ఆ చివరకి నిమిరింది.

"దీని ముందు మొదట కూర్చున్నది నువ్వు కాదు కదూ?" అంది.

"మా అమ్మండి. పూజ, రాహుకాలం..." అని గొణిగాను.

ఆవిడ గోడవార కుర్చీలో కూర్చున్న అమ్మ వైపు చూసింది. అప్పుడే కోదండం గారని అక్కడ పనిచేసే ఆయన టీ పట్టుకొచ్చాడు. అమ్మకి ఎడమ పక్కగా వచ్చి కప్పు అందించి నిలబడ్డాడు. అమ్మ ఎదురుగా గోడ మీది బొమ్మలు చూస్తోంది. కప్పు ఆవిడ చెవి పక్కనే ఉంది, దాన్లోంచి ఆవిరి లేస్తోంది. అమ్మ తీసుకోలేదు.

"తీసుకోండమ్మా, వేడిగా ఉంది" అన్నాడాయన.

అమ్మ ఉలిక్కిపడింది. "అయ్యో, ఎంతసేపైంది బాబూ వచ్చి?"

నఫీసా గారు ఒక స్టూలు లాక్కుని అమ్మ ఎదురుగా కూర్చుంది. కుడి కన్ను మూసుకోమని చెప్పి, తన వేలు ఎడమ నుంచి నెమ్మదిగా ముందుకి తెచ్చింది. "కనపడగానే చెప్పండి" అంది. వేలు చాలా దూరం ప్రయాణం చేసింది. దాదాపు అమ్మ ముక్కుకి ఎదురుగా వచ్చాక "ఆఁ, ఇప్పుడు" అంది అమ్మ.

"అమ్మాయ్, తెర పాడవలేదు" అంది నఫీసా గారు నాతో. "మీ అమ్మగారి కళ్ళు ఎక్కడికి అడిగాయో అక్కడికే వచ్చింది. ఎడమ కన్ను పక్కచూపు పోతోంది. ఈరోజే కంటి ఆసుపత్రికి వెళ్ళాలి."

అమ్మ మాత్రం ఇంకేదో ఆలోచిస్తోంది.

"మేడమ్ గారూ, ఆ తెర ముందు కూర్చుంటే నాకు అంతా కనపడిందండి. ఎడమా కుడీ అన్నీ. మా వ్యాన్‌కి ముందద్దం ఇలా చేసిపెడతారా? పిల్లలతో తిరిగే బండండి అది. అది తప్ప నాకింకో పని రాదు."

కోదండం గారు ట్రే పక్కన పెట్టి ముందుకొచ్చాడు.

"నేను చెప్తానమ్మా. మొదట చేసిన తెర బిగుసుకునేది కాదు. మన కన్ను ఎటు పోతే అటు వంగేది, రోజంతా. దాని ముందు కూర్చుని వాడి చూడ్డమే నా ఉద్యోగం. భలే సుఖంగా ఉండేది. అన్నీ అదే కళ్ళ ముందుకి తెచ్చేది కదా, మెడ తిప్పడం మర్చిపోయాను. ఓ రోజు గేటు బయట రోడ్డు దాటుతూ అటూ ఇటూ చూడలేదు. చూడాలనే తోచలేదు. లారీ కాదు, స్కూటరే కాబట్టి ఇలా ఉన్నాను." ఆయన ప్యాంటు కొంచెం పైకి లాగి మోకాలి మీది కుట్లు చూపించాడు. "ఇప్పటికీ డాక్టరు చెప్పారని రోజూ తల తిప్పడం ప్రాక్టీసు చేస్తాను. చంటిపిల్లాడిలాగ."

"అందుకే ఒక్కసారి వంగి ఆగిపోయేలా మార్చాం" అంది నఫీసా గారు. "అప్పుడు కూడా ఈ సంగతి నాకు తట్టలేదు. కంటి లోపాన్ని తెర సర్దేస్తే, లోపం ఉందని మనిషికి తెలియనే తెలియదు. మీ అమ్మాయే ఆ తెర ముందు మొదట కూర్చుని ఉంటే, మీ కన్ను సంగతి ఎవరికీ తెలిసేది కాదు. మీరు కూర్చుని, తర్వాత తను చూసి కోపం తెచ్చుకుంది కాబట్టి తెలిసింది. అద్దం వంచి ఇస్తే మీకు హాయిగానే ఉంటుందండి. కన్ను మాత్రం లోపల పోతూనే ఉంటుంది."

అమ్మ కొంగులోంచి వ్యాన్ తాళాలు తీసి నా చేతిలో పెట్టింది. ఆ తాళాలు ఆవిడ తనంతట తాను ఎవరికైనా ఇవ్వడం నేను అదే మొదటిసారి చూడటం.

ఆసుపత్రిలో పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు గారు పిలిచారు. నీటికాసులన్నారు. కంట్లో ఒత్తిడి పెరిగి నరాన్ని కొద్దికొద్దిగా తినేస్తుందట. నొప్పుండదు, ఎరుపుండదు, అంచుల నుంచి దొంగలా వస్తుందట. ఎడమ కంట్లో పోయిన చూపు తిరిగి రాదు. కుడి కంట్లో కూడా ఒత్తిడి మొదలైంది కానీ చూపు ఇంకా పోలేదు. చుక్కల మందు, ఎడమ కంటికి చిన్న ఆపరేషను.

"క్రమం తప్పకుండా మందు వేసుకుంటే ఉన్నది ఉంటుందమ్మా" అన్నారు డాక్టరు గారు. "ఇంకొన్నాళ్ళు ఆలస్యం చేసుంటే నేను ఈ మాట చెప్పగలిగేవాణ్ణి కాదు."

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అక్కడే, వరండా బెంచీ మీద, అందరూ చూస్తుండగా ఏడ్చేశాను. అమ్మ కూడా ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ నవ్వుతోంది! కళ్ళలో మందు వేసినందుకు నీళ్ళు కారుతున్నాయి, మొహమంతా నవ్వు.

"ఏంటమ్మా?"

"కన్నేనటే! కన్నేనట!" అంది నా చెయ్యి గట్టిగా పట్టుకుని. "నాకు బండి నడపడం చేతకాకుండా పోతోందనుకున్నానే. స్తంభాలు మీదకొస్తున్నట్టు, మనుషులు గాల్లోంచి ఊడిపడుతున్నట్టు... మతి పోతోందేమో అనుకున్నాను. ఎవరికి చెప్పుకోను? రోజూ పిల్లలు దిగాక ఎడమ చక్రం దగ్గరికెళ్ళి వంగి చూసేదాన్ని, ఎవరైనా పడ్డారేమో అని. నిద్రలో కూడా ఆ చక్రమే."

ఆ రోజు నేను విసిరిన సామెత గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. అన్నాను కూడా, "సారీ అమ్మా, మద్దెల నిజంగానే ఓడు" అని.

"ఇన్నాళ్ళూ ఏ పిల్లకీ ఏమీ కాలేదు కదా" అంది. అదే మాట దారంతా చెప్పింది. తిరుగు ప్రయాణంలో వ్యాన్ నేనే నడిపాను. అమ్మ ఎడమ సీట్లో కూర్చుని, తుని దాకా నా డ్రైవింగ్‌కి వంకలు పెట్టి, తుని దాటగానే నోరు తెరుచుకుని నిద్రపోయింది. గుండెల మీది కుంపటి దిగిన మనిషి నిద్ర అది.

సోమవారం అమ్మ తనే ప్రిన్సిపాల్ గారి దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. బండి అమ్మదే, స్కూలూ అదే, స్టీరింగ్ దగ్గర మాత్రం కొత్త డ్రైవరు. అమ్మ పిల్లల్ని దింపే పనిలో ఎడమ తలుపు దగ్గర నిలబడుతుంది. ఆ డ్రైవరు ఓర్పుగలవాడు, లేకపోతే అమ్మ చెప్పే పాఠాలకి మొదటి వారమే పారిపోయేవాడు. స్టీరింగ్ వదిలినందుకు అమ్మకి బాధ లేదని నేననను. కొన్ని సాయంత్రాలు ఆగి ఉన్న బండిలో ఆ సీట్లో ఊరికే కూర్చుంటుంది.

నేను పోటీ నా పాత బల్లపరుపు మానిటర్ మీదే ఆడాను. ఎంపిక కాలేదు. రెండు రోజులు బాధపడ్డాను, మూడో రోజు కంప్యూటర్ల కొట్టుకి వెళ్ళాను. ఆయన నన్ను చూసి తల పట్టుకున్నాడు. ఈసారి ఇబ్బంది పెట్టలేదు, పదిహేను వందలది కొనేశాను. ఇంచుమించు బాగుంటే చాలనిపించింది. నఫీసా గారు ఫోన్ చేశారు. ఇప్పుడు ఒదుగు తెర ఒక పక్కకి మరీ మడుచుకుంటుంటే మధ్యలోనే ఆగిపోయి, ముందు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళమంటుందట. మా తెర వెనక్కి పంపనా అని అడిగితే, "అది మీ అమ్మగారిది" అన్నారు.

నిజమే, అది అమ్మది. ఆపరేషను కట్టు విప్పాక ఒక ఆదివారం, నా స్టీరింగూ పెడల్సూ దాని ముందు బిగించి అమ్మని కూర్చోబెట్టాను. రాహుకాలం వెళ్ళేదాకా ఆగి మరీ మొదలెట్టింది. పందెం మొదలైంది. అందరూ తూటాల్లా వెళ్ళిపోయారు. మా అమ్మ మొదటి గేరులో బయల్దేరి, ప్రతి మలుపులోనూ హారన్ కోసం స్టీరింగ్ మధ్యలో నొక్కుతూ, వెనకొచ్చేవాళ్ళకి చేత్తో దారిస్తూ, ఆటలోని సముద్రపు ఒడ్డు గోడ పక్కన సన్నటి సందులోంచి, ఆ గోడని ఎడమకి జానెడు దూరంలో ఉంచుకుని, నిదానంగా వచ్చింది. మిగతావాళ్ళు ఆట ముగించి వెళ్ళిపోయాక చివరి గీత దాటింది.

"ఆఖరొచ్చావమ్మా" అన్నాను నవ్వు ఆపుకుంటూ.

"అది కాదు, నా బండి చూపించు. ఎడమ పక్క."

మీట నొక్కి కారుని తిప్పాను. ఎర్ర కారు తెర నిండా నెమ్మదిగా తిరిగి, ఎడమ పక్క చూపించి ఆగింది. అమ్మ ముందుకి వంగి, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా వేలితో తడుముతూ చూసింది.

"గీత ఉందా?"

"లేదమ్మా."

"మరింకేం!" అని కుర్చీలో వెనక్కి వాలింది.